విశాఖ అంచుల్లో రేవు, అడవి, మిల్లు, ఆవ: నీటి వెంట వెళ్లి చూసే పద్ధతి

విశాఖకు చుట్టాలొస్తే మనం తిప్పే చోట్లు అందరికీ తెలిసినవే. ఆర్కే బీచ్, కైలాసగిరి, సింహాచలం, ఓపికుంటే అరకు. ఊరి అంచున ఉన్న ఓడరేవు, మూతబడ్డ జూట్ మిల్లు, కంబాలకొండ, కొండకర్ల ఆవ (మంచినీటి సరస్సు) ఆ లిస్టులోకి రావు. వచ్చినా ఫ్యాక్టరీలు ఓ రోజు, అడవి ఇంకో రోజు అని విడగొట్టేస్తారు. ఈ ఊరికి ఆ లెక్క సరిపోదు. ఇక్కడ రేవు తవ్వింది ఒక గెడ్డ (వాగు) సముద్రంలో కలిసే బురదనేలలో. ఊరు చాలాకాలం తాగింది అడవి కొండల మీద పడ్డ వాననీళ్లే. మిల్లు కట్టింది గోస్తనీ నది ఒడ్డున. ఉక్కు ఫ్యాక్టరీకి నీళ్లు ఏలేరు కాలువ నుంచి వస్తాయి. అందుకే నీళ్లు ఎటు పోతే అటు వెళ్లి చూడమంటాను. తీరిగ్గా నాలుగు రోజులు పడుతుంది. వరసగా తిరగక్కర్లేదు, నాలుగు ఆదివారాలు పెట్టుకున్నా చాలు.

1. బయల్దేరే ముందు మ్యాప్

ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఊరు మొత్తం కనబడేంత దూరం జరపండి. ఉత్తరాన సింహాచలం కొండల వరస, దక్షిణాన యారాడ కొండల వరస కనిపిస్తాయి. యారాడ వరస సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోటే డాల్ఫిన్స్ నోస్. ఈ రెండు వరసల మధ్య పల్లంగా ఉన్న నేల చూడండి. మేఘాద్రి గెడ్డ వచ్చి చేరేది అక్కడికే. రేవు, రిఫైనరీ, ఎయిర్‌పోర్టు అన్నీ ఆ పల్లంలోనో దాని గట్టునో ఉన్నాయి. రెండు పక్కలా కొండలుండటంతో చలికాలం పొద్దున్నే పొగ ఎటూ పోలేక అక్కడే తచ్చాడుతుంది. ఊరి కాలుష్యం గురించి మాట్లాడేవాళ్లంతా ముందు ఈ కొండల సంగతే ఎత్తుతారు.

తర్వాత ఈ పేర్లకు పిన్ను పెట్టుకోండి: రాస్ హిల్ చర్చి, సింధియా జంక్షన్, ముడసర్లోవ, కంబాలకొండ ఎకో పార్కు, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, చిట్టివలస, కూర్మన్నపాలెం, కొండకర్ల. ఎయిర్‌పోర్టు పక్కన గెడ్డ వెంబడి ముదురాకుపచ్చ మచ్చలు కొన్ని కనిపిస్తే అవి మడ చెట్లు. రేవు రాకముందు ఆ పల్లం ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలిన ఆనవాళ్లు అవే.

2. ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ ఉండదు, వలస పక్షులుంటాయి, దూరం చూపు బాగా ఆనుతుంది. అక్టోబరులో ప్లాన్ వేసుకుంటే వాతావరణ హెచ్చరికలు చూసుకుని మరీ బయల్దేరండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే. ఆ ఒక్క రోజులో కంబాలకొండలో చెట్లు కుప్పలుగా కూలాయి. వేసవిలో వెళ్లక తప్పకపోతే తొమ్మిదిన్నరకల్లా నీడకు చేరండి. ఇక్కడి ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది.

3. ఫోటోలు, పాసులు, గేట్లు

ఈ సంగతి ముందే గట్టిగా చెప్పాలి. విశాఖ నౌకాదళం ఊరు. నేవల్ డాక్‌యార్డు, రేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీల దగ్గర "ఫోటోలు తీయరాదు" అన్న బోర్డు కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టేయండి. డ్రోన్ ఆలోచన అసలు వద్దు. లోపలికి వెళ్లడానికి పాసులు కావాలి, అవి మామూలు సందర్శకులకు అడగ్గానే దొరికేవి కావు. కాలేజీ పిల్లల బృందమైతే కాలేజీ లెటర్‌హెడ్ మీద చాలా ముందుగా అర్జీ పెట్టుకోవాలి. గేటు దగ్గర సెక్యూరిటీ అడిగితే ఐడీ చూపించి, వచ్చిన పని ఒక్క ముక్కలో చెప్పండి. వాదన పెట్టుకుంటే ఆ పూట అక్కడే అయిపోతుంది.

మూతపడ్డ మిల్లుల విషయంలోనూ అంతే. గోడ కూలి ఉందని లోపలికి దూరకండి. అది ఒకరి ఆస్తి, పైగా తుప్పు పట్టిన రేకులు, గడ్డిలో కనబడని గోతులు, వాటిలో పాములు ఉంటాయి. ఈ గైడులో చెప్పినవన్నీ రోడ్డు మీంచో, కొండ మీంచో, టికెట్ కొనుక్కునో చూడగలిగినవే.

4. మొదటి రోజు: గెడ్డ ఓడరేవైన చోటు

పొద్దున్నే వన్‌టౌన్ వెళ్లి రాస్ హిల్ ఎక్కండి. పక్కపక్కనే మూడు గుట్టలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి దగ్గర నిలబడితే రేవులోకి వెళ్లే సన్నటి నీటిదారి కాళ్ల కిందే ఉన్నట్టుంటుంది. అవతలి ఒడ్డున డాల్ఫిన్స్ నోస్. ఇక్కడ తొందరపడకుండా కనీసం గంట కూర్చోండి. ఓడ వస్తుంటే ముందు టగ్‌లు కనిపిస్తాయి. ఆ చిన్న పడవలు అంత పెద్ద ఓడను ముందు నుంచి లాగుతూ, వెనక నుంచి నెడుతూ ఆ ఇరుకులోంచి తీసుకెళ్తాయి. ఓడ పక్క నుంచి పోతుంటే దాని మీద మనుషులు నడవడం కూడా తెలుస్తుంది.

ఇప్పుడు కథ. మధ్య పరగణాల్లో (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో) తవ్విన మాంగనీసును సముద్రం దాకా తేవడానికి దగ్గర దారి కావాల్సి వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరానికి లైను వేసింది, 1931 నాటికి అది పూర్తయింది. ఆ లైను చివర రేవు లేకపోతే లైనుకు అర్థం లేదు. మేఘాద్రి గెడ్డ కలిసే బురదను తవ్వి లోపలి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. నోటి దగ్గర అలల దెబ్బ ఆగడానికి రెండు పాత ఓడలనే ముంచి అడ్డుగా పెట్టారు.

ఆ అడ్డుకు ఫలితం ఊరు ఇప్పటికీ అనుభవిస్తోంది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు నోరు, డాల్ఫిన్స్ నోస్ దాన్ని మధ్యలో ఆపుతాయి. దాంతో దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది. అందుకే రేవు దగ్గర డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను పైపుల్లో బీచ్ వైపు పంపు చేస్తారు. సాయంత్రం మీరు బీచ్‌లో నిలబడే ఇసుకలో కొంత అలా వచ్చిందే.

కొండ దిగి కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం దాకా నడవండి. రేవుకు దగ్గరున్న వీధుల్లో ఏదైనా చెట్టు ఆకు మీద వేలితో రాసి చూడండి. ఒక్కోచోట నల్లగా, ఒక్కోచోట ఎర్రగా వస్తుంది. నలుపు బొగ్గు, ఎరుపు ఇనుప ఖనిజం. ఆ ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా కొండల నుంచి వస్తుంది. జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస – కిరండూల్ లైను అదే, మనం అరకు వెళ్లే లైను కూడా అదే. అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకు ఎదురుగా వచ్చే గూడ్సు బండి ఏం మోస్తోందో చెప్పండి.

మధ్యాహ్నం సింధియా వైపు వెళ్లండి. షిప్‌యార్డు ఎప్పుడో ప్రభుత్వానిదైంది గానీ జంక్షన్ పేరు మాత్రం పాత కంపెనీదే. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తరఫున 1941 జూన్ 21న డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఇక్కడ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. పని ఆగినా మానలేదు. 1948 మార్చి 14న 'జల ఉష'ను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో తయారై నీళ్లు చూసిన తొలి పెద్ద ఓడ అది. బయటి నుంచి మీకు కనిపించేది క్రేన్ల తలలే, అయినా ఆ రోడ్డు మీద షిఫ్టు మారే టైములో ఓ టీ తాగితే అది ఎలాంటి ఊరో తెలుస్తుంది. కాస్త ముందుకెళ్తే మల్కాపురం, 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన రిఫైనరీ. ఇప్పుడది హెచ్‌పీసీఎల్.

అదే రోడ్డు యారాడ కొండ ఎక్కుతుంది. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌కు సందర్శకులను మధ్యాహ్నం పూట కొద్దిసేపే రానిస్తారు, కాబట్టి ఆ రోజు తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి. సాయంత్రం ఓపిక మిగిలితే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ పోవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి. నన్నడిగితే టార్పెడోల కన్నా ఇంజన్ గది దగ్గర ఎక్కువసేపు ఆగండి.

5. రెండో రోజు: ముడసర్లోవ, కంబాలకొండ

పొద్దున్నే ముడసర్లోవ. వందేళ్లు దాటిన ఈ చెరువు ఒకప్పుడు ఊరికి మంచినీళ్లిచ్చింది. గట్టు మీద నిలబడి కొండల వైపు చూస్తే వాన ఎక్కడ పడి ఎలా జారి వస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ల మీద తేలే సోలార్ పలకలు 2018లో వచ్చాయి, 2 మెగావాట్లవి. మనిషి కట్టిన చెరువు, దాని మీద మనిషి పరిచిన పలకలు, వాటి అంచు మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి. ఫోటో ఇక్కడ తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

అక్కడి నుంచి హైవే మీదికొచ్చి కంబాలకొండ. విజయనగరం మహారాజుల చేతిలో ఉన్న ఈ అడవి 1970లో అటవీశాఖ కిందికి వచ్చింది. సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఊరి అంచున ఇంత అడవి మిగలడం చిన్న విషయం కాదు. ఎదురుగా జూ, కిందుగా ఆరు లైన్ల హైవే, చుట్టూ అపార్ట్‌మెంట్లు, లోపల చిరుతలు.

వెళ్లే పద్ధతి ఇది. గేటు తెరవగానే టికెట్ తీసుకోండి. ఎకో పార్కులో బోటింగ్, ఆటలు ఉన్న చోటే జనం ఆగిపోతారు. మీరు అక్కడ ఆగకుండా నడక దారి అడగండి. ట్రెక్కింగ్‌కు అటవీశాఖ మనిషి తోడుగా వస్తేనే వెళ్లండి, గుర్తు లేని దారుల్లోకి దిగొద్దు. బట్టలు మట్టిరంగువి, షూ మడమ దాకా ఉండేవి. అత్తరు, స్పీకరు ఇంట్లో వదిలేయండి. ప్లాస్టిక్ సంచీ తెస్తే తిరిగి మీతోనే పట్టుకెళ్లాలి.

చిరుత కనబడుతుందని ఆశపడకండి, కనబడకపోవడమే మంచిది. కనబడేవి వేరే ఉన్నాయి. నెమళ్లు, పాలపిట్టలు, తెల్లటి పొడుగు తోకతో కొమ్మల మధ్య రిబ్బన్‌లా జారే తోకపిగిలి పిట్ట. దారిలో మెత్తటి మట్టి ఉన్నచోట ఆగి అడుగులు చూడండి. గిట్టల గుర్తులు జంటగా మొనదేలి ఉంటే జింక జాతివి. గుండ్రటి అడుగులో గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతిది, అప్పుడు గైడుకు చూపించండి. అడుగు ఫోటో తీసేటప్పుడు పక్కన పెన్నో నాణెమో పెడితే సైజు తర్వాత తెలుస్తుంది.

రాళ్లనూ వదలకండి. తుప్పు రంగు చారలతో, గోరుతో గీకితే పెళ్లలుగా రాలే రాయి కనిపిస్తుంది. అది ఖోండలైట్, ఈ కొండలన్నీ ఎక్కువగా అదే. వానకు అది కరిగి ఎర్రమన్నై గెడ్డల్లో పడి సముద్రానికి పోతుంది. మూడో రోజు దాన్నే మళ్లీ చూస్తారు.

6. మూడో రోజు: తీరం వెంట భీమిలి, చిట్టివలస

బీచ్ రోడ్డు వెంట భీమిలి వెళ్లే 900కె బస్సు ఎక్కితే దారి మొత్తం సముద్రమే. బస్సుల వేళలు మారుతుంటాయి, ఎక్కే ముందు అడగండి. సొంత బండైతే ఆగడానికి వీలు.

మొదటి మజిలీ తొట్లకొండ. 1976లో నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే ఈ బౌద్ధ విహారం బయటపడింది. కొండమీద రాతిలో తొలిచిన నీటి తొట్లను చూసి ముందుకు సాగండి. వాననీళ్లు పట్టుకోవాలన్న ఆలోచన ముడసర్లోవ కన్నా రెండువేల ఏళ్ల ముందే ఈ కొండల్లో ఉందన్నమాట.

రెండోది ఎర్రమట్టి దిబ్బలు. సముద్రమట్టం తగ్గిన రోజుల్లో ఒడ్డు ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ పోగేసింది. ఇసుకలోని ఇనుము గాలికి, తేమకు ఎర్రబారింది. వానలు ఆ దిబ్బలను కోసి లోతైన సందులు చేశాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. ఇన్ని గుర్తింపులున్నా పక్కనే నేల చదును పనుల మీద 2024లో గొడవ జరిగింది. కాబట్టి చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయకండి. నడిస్తే సందుల అడుగున మాత్రమే నడవండి. అంచు మీద నిలబడితే మట్టి మీతో సహా జారుతుంది. గోడల మీద పేర్లు చెక్కినవాళ్ల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది.

అటు నుంచి ఒడ్డుకు దిగి తడి ఇసుక దోసిట్లోకి తీసుకోండి. నల్లచారలు, మధ్యలో లేత ఎరుపు గింజలు కనిపిస్తాయి. ఎర్రవి గార్నెట్, నల్లవాటిలో ఇల్మనైట్ ఎక్కువ. చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆరిన ఇసుక మీద తిప్పితే కొన్ని నల్లగింజలు అంటుకుంటాయి. పిల్లలు అక్కణ్నుంచి కదలరు. చూశాక ఇసుక అక్కడే వదిలేయండి, సీసాల్లో పట్టుకెళ్లకండి.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి దిగింది ఆ నోటి దగ్గరే. సమాధుల మీది చెక్కడాలు, లైట్‌హౌస్, పాత ఇళ్లు గంటన్నరలో చూడొచ్చు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇంత నిదానంగా ఎలా ఉందంటే, సరుకంతా విశాఖ రేవుకు మళ్లిపోయింది కాబట్టి. మొదటి రోజు రాస్ హిల్ మీద చూసిన ఓడల వెనక ఈ ఊరి నష్టం కూడా ఉంది.

ఇక నదికి ఎదురెళ్లి చిట్టివలస. బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి విశాఖకు నీళ్లిచ్చి, మిగిలిన గోస్తనీ ఇక్కడికి చేరుతుంది. ఒడ్డున జూట్ మిల్లు. 2009లో మూతపడింది. పేరు జూటే గానీ ఉత్తరాంధ్ర మిల్లులకు ఎక్కువగా వెళ్లింది గోగునార. శ్రీకాకుళం, విజయనగరం రైతులు గోగు పండించి, కట్టలు కట్టి చెరువుల్లో ఊరవేసి, నార తీసి, ఆరబెట్టి అమ్మేవారు. ఆ ఊరిన వాసన ఒకసారి తగిలితే జన్మలో మరిచిపోరు. ప్లాస్టిక్ గోనెలు వచ్చాక గిరాకీ పడిపోయింది, మిల్లుతో పాటు పంటా తగ్గింది.

పాత మిల్లును బయటి నుంచి చూడటానికీ ఒక వరస ఉంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి తీసుకున్నారో చూడండి. తర్వాత సరుకు వచ్చే గేటు, మనుషులు వచ్చే గేటు వేరుగా ఉన్నాయా అని. తర్వాత లైన్ ఇళ్లు (కార్మికుల ఇళ్ల వరసలు), గుడి, బడి, కిరాణా. ఇవన్నీ గేటు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో నడిచి చూస్తే, మిల్లు కూత వేయగానే ఎవరు ఎంతసేపట్లో చేరాలో మీకే అంచనా దొరుకుతుంది. టీ కొట్టు దగ్గర పాత కార్మికులు ఎవరైనా తగిలితే "మిల్లు మూతపడితే ఎలా అనిపించింది బాబాయ్" అని టీవీ మైకులా అడగొద్దు. "ఏ డిపార్ట్‌మెంట్‌లో చేశారు? నార తీతా, దారమా, నేతా?" అని అడగండి. పని గురించి అడిగితే గంట చెబుతారు. రికార్డు చేయాలనుకుంటే ముందు అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్ బయటికి తీయండి.

7. నాలుగో రోజు: ఉక్కు, ఆ తర్వాత ఆవ

ఈ రోజు మాత్రం తెల్లవారకముందే లేవాలి, ఎందుకంటే వరస తిరగేసి ముందు కొండకర్ల వెళ్తాం. విశాఖ నుంచి అచ్యుతాపురం వైపు దారి. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో చెప్పుకోదగ్గ మంచినీటి సరస్సు ఇదే, కాస్త దూరంలో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఫ్యాక్టరీలు.

ఇక్కడి పడవ చూడాల్సిన వస్తువు. రెండు తాటి మొద్దులను లోపల తొలిచి, పక్కపక్కన జతచేసి కడతారు. దాన్నే దోనె అంటారు. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు వేయకుండా సరిగ్గా మధ్యలో పెట్టి వెంటనే కూర్చోవాలి. తెడ్డు కన్నా గెడ వాడకమే ఎక్కువ, అడుగును నెట్టుకుంటూ పోతారు కాబట్టి చప్పుడుండదు, పక్షులు బెదరవు. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే జకానాను ఇంత దగ్గరగా చూడటం దోనె వల్లే కుదురుతుంది. బాతులు, కొంగలు, ఊదారంగు నీటికోళ్లు మామూలే. రేటు ఎక్కక ముందే మాట్లాడుకోండి, చిల్లర ఉంచుకోండి. పక్షులు లేస్తే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టించే జనం ఉంటారు, వాళ్లతో ఒకే దోనె పంచుకోకండి.

తొమ్మిది దాటాక తిరుగుదారిలో కూర్మన్నపాలెం. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. అయినా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజం కరిగించే కొలిమి) వెలిగింది 1990లో, దానికి గోదావరి అని పేరు పెట్టారు. అరవైకి పైగా ఊళ్ల నేల దీనికి పోయింది. గేటు బయటి నుంచి చిమ్నీలు చూసి వచ్చేయకుండా అప్పికొండ దాకా వెళ్లండి. సముద్రం ఒడ్డున పాత సోమేశ్వరాలయం, వెనక్కి తిరిగితే ఉక్కు ఫ్యాక్టరీ. మధ్యాహ్నం ఎండలో ఆ తీరంలో నీడ దొరకదు, అలలు లాగేస్తాయి, స్నానాలకు దిగొద్దు.

ఉక్కు ఫ్యాక్టరీకి ఏలేరు నీళ్లు వచ్చి ఆగేది కణితి రిజర్వాయర్‌లో. దాని దగ్గరికి పోనివ్వకపోవచ్చు, మ్యాప్‌లో మాత్రం ఒకసారి చూసుకోండి.

వేసవి ముదిరాక ఆవలో నీళ్లు తగ్గితే దోనెలు నడవవు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ముందు రోజే ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేయించి కనుక్కోవాలి. నీళ్లు లేవంటే గట్టు మీద నడిచి చూసి, ఎండెక్కక ముందే అప్పికొండ వైపు బయల్దేరండి.